మా గుమ్మానికే తిరిగొచ్చిన పిడికెడు బియ్యం

మా ఇంటి బయటి గోడలకు సిమెంటు పూత లేదు. లోపల ఉంది, సున్నమూ ఉంది. కానీ లోపలికి వచ్చి చూసేవాళ్ళు తక్కువ, రోడ్డు మీది నుంచే చూసి తీర్పు చెప్పేవాళ్ళు ఎక్కువ. భద్రాచలంలో గోదావరి ముంపు రాని మెరక మీద బ్యాంకు లోనుతో కట్టుకున్న రెండు గదుల ఇల్లు మాది. పునాది, గోడలు, స్లాబు అయ్యేసరికి లోను డబ్బు అయిపోయింది. పూత కోసం మళ్ళీ అప్పు చేయడం నాకు ఇష్టం లేకపోయింది. ఎర్ర ఇటుక వానకు తడుస్తుంది, ఎండకు ఆరుతుంది. దానికి ఏ సిగ్గూ లేదు. సిగ్గుపడే పని మా కాలనీవాళ్ళు దాని తరఫున చేసి పెడుతున్నారు.

మా ఆయన బస్సు డ్రైవరు. జీతం పడిన రోజే బ్యాంకు తన కిస్తు తాను కోసుకుంటుంది. మిగిలినదాంతో ఇల్లు నడిపేది నేను. నేను బడి ముఖం చూడలేదు. మా నాయన అడవి పల్లెల్లో చర్చి తరఫున వాక్యం చెప్పే ఉపదేశిగా పనిచేసేవాడు. ఒక ఊళ్ళో కుదురుకునేలోపే ఇంకో ఊరికి పంపేవారు. అందుకని అక్షరాలూ కూడికలూ తీసివేతలూ ఆయనే పలక మీద దిద్దించాడు. ఎసరు ఎంత పెట్టాలో, కట్టె ఎప్పుడు వెనక్కి లాగాలో అమ్మ నేర్పింది. ఆ రెండు చదువులూ నాకు ఇప్పటికీ అక్కరకొస్తున్నాయి. అందుకు ఆ ఇద్దరినీ తలుచుకొని, వాళ్ళను నాకిచ్చిన దేవునికి రోజూ స్తోత్రం చెప్పుకుంటాను.

పొదుపుగా బతికేవాళ్ళంటే ఏడుస్తూ బతికేవాళ్ళని మా కాలనీలో ఒక నమ్మకం. మా ఇంట్లో ఎవరూ ఏడవడం లేదు. చింతపండు కొత్తగా దిగే రోజుల్లో అడవి పల్లెల నుంచి సంతకొచ్చే ఆడవాళ్ళ దగ్గర ఏడాదికి సరిపడా కొని, గింజ తీసి, ఉప్పు వేసి కుండలో కూరతాను. మామిడికాయ చవకైనప్పుడు ఒరుగులు ఎండబెడతాను. గంజి సగం మేం తాగుతాం, సగం నూలు చీరలకు పోతుంది. బియ్యం కడిగిన నీళ్ళు మునగచెట్టుకు. స్నానాల నీళ్ళు పెరట్లో పత్తికట్టె పొయ్యి మీద కాగుతాయి. పాత చీర కిటికీ తెర అవుతుంది, తెర చినిగితే మసిగుడ్డ అవుతుంది, మసిగుడ్డకూ ఓపిక అయిపోతే పొయ్యి రాజేయడానికి పనికొస్తుంది. ఎదురింటావిడ ఒకసారి ఆ తెర చూసి ఏ షాపులో కొన్నావని అడిగింది. నా పెళ్ళి నాటి చీర అని చెప్పాను. అప్పటిదాకా నచ్చిన తెర ఆమెకు ఆ క్షణం నుంచి నచ్చడం మానేసింది.

ఆ ఎదురింటికి ఇంటికన్నా ఎత్తైన గేటు ఉంది. కరెంటు బిల్లు గడువు దాటినప్పుడల్లా లైన్‌మన్ ఆ గేటు ముందే నిలబడి పిలుస్తాడు. అంత ఖరీదైన గేటు కదా, తెరుచుకోవడానికి చాలా సేపు పడుతుంది.

ఇక మా వదిన. మా ఆయనకు సొంత అక్క. మధిరలో ఉంటుంది. వాళ్ళాయనది పత్తి వ్యాపారం. వాళ్ళింటికి ముందువైపు పాలరాతి మెట్లు, అద్దాల తలుపు, మిద్దె మీద ఇంకో మిద్దె. ఉన్న లోను మీద ఇంకో లోను తీసి, దాని మీద మరొకటి తీసి కట్టారు. ఆ కిస్తులు కట్టడానికి ఇప్పుడు ముందువైపంతా కిరాయికిచ్చి, వాళ్ళు వెనక ఉన్న రెండు గదుల్లో ఉంటున్నారు. సొంతింట్లోకి పక్క సందులోంచి నడిచి పోతారు. కానీ సలహాలు చెప్పేటప్పుడు మా వదిన ఎప్పుడూ ఆ పాలరాతి మెట్ల మీదే నిలబడి చెబుతుంది.

"ఏంటే మరదలా, ఇటుకలు లెక్కపెట్టుకుంటూ ఇంకెన్నాళ్ళుంటారు? మా తమ్ముడికి నలుగురిలో ఒక విలువ ఉండొద్దా?" అనేది ఫోనులో.

"ఉంది వదినా. బస్సులో అంతమంది ప్రాణాలు ఆయన చేతికిచ్చి నిద్రపోతున్నరు. అంతకన్నా ఏం విలువ కావాలె," అనేదాన్ని.

"నీకు మాటలకేం తక్కువ లేదు," అని పెట్టేసేది.

ఇంకో రెండేళ్ళు ఇలాగే కట్టుకుంటూ పోతే మా లోను తీరిపోతుంది. బ్యాంకులో ఉన్న ఇంటి కాగితాలు మా పెట్టెలోకి వస్తాయి. నాకు కావలసింది అదొక్కటే. పూతా రంగులూ ఆ తర్వాత వస్తే వస్తాయి, లేకపోతే లేదు. ఆ రెండేళ్ళు మా ఆయన మనసు నిలుస్తుందా లేదా అన్నదే నా బెంగ. ఆయనకు రోడ్డు మీద ఉన్నంత ధైర్యం మనుషుల మధ్య ఉండదు. ఎవరైనా మా గోడ వైపు చూస్తే ఆయన తల కిందికి వంగుతుంది.

మా చర్చిలో స్త్రీల సమాజం వాళ్ళకు ఒక అలవాటు ఉంది. పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా, వండబోయే బియ్యంలోంచి ముందుగా ఒక పిడికెడు తీసి పక్కన డబ్బాలో వేయాలి. నిండిన డబ్బా ఆదివారం చర్చికి తీసుకుపోయి అక్కడి పెద్ద డ్రమ్ములో పోయాలి. ఆ బియ్యాన్ని శ్రమల కాలంలో, అంటే ఈస్టరుకు ముందు ఉపవాసాల రోజుల్లో, అక్కరలో ఉన్న ఏదో ఒక ఇంటికి ఇస్తారు. మా అమ్మ అడవి పల్లెల్లో ఉన్నప్పుడు కూడా ఇలాగే తీసేది. ఇంట్లో మాకే చాలని రోజుల్లో కూడా తీసేది. ఆ చెయ్యి చూస్తూ పెరిగాను కాబట్టి నాకు అది లెక్కలోకి రాదు. అన్నం వండడంలో అదొక భాగం, అంతే. పురుగు పట్టకుండా బియ్యంలో ఎండిన వావిలాకు వేసి ఉంచుతాను. అందుకని నా డబ్బాలో ఎప్పుడూ రెండు మూడు ఆకు ముక్కలు ఉంటాయి.

అందరి పిడికిళ్ళూ ఒకలాంటివి కావు. వాడని దొడ్డుబియ్యం, అడుగున మిగిలిన నూకలు, ముక్కిపోయినవి తెచ్చి పోసేవాళ్ళే ఎక్కువ. డ్రమ్ము మూత పెట్టాక ఎవరిది ఏదో దేవునికే తెలియాలి. ఆయనకు తెలుస్తుందన్న భయం వాళ్ళకు ఉన్నట్టు నాకెప్పుడూ కనిపించలేదు.

పోయిన శ్రమల కాలంలో ఒక మధ్యాహ్నం సమాజం ఆడవాళ్ళు పాట పాడుకుంటూ మా ఇంటికి వచ్చారు. ముందు సమాజం పెద్దక్క, ఆమె వెనక నలుగురైదుగురు. పెద్దక్క భర్తది సిమెంటు దుకాణం. మా గోడను చూసినప్పుడల్లా ఆమె ముఖంలో దయ ఎక్కువగా కనిపించడానికి అదొక కారణం అనుకుంటాను. నేను పెరట్లో గిన్నెలు తోముతున్నాను. చేతికి బూడిద, కొంగు నడుముకు దోపి ఉంది. డబ్బా నిండితే ఇంటికొచ్చి తీసుకుపోవడం కూడా అప్పుడప్పుడు ఉండేది. దానికే వచ్చారనుకున్నాను. చెయ్యి కడుక్కొని, వందనాలు చెప్పి, లోపలికి పోయి నా బియ్యం డబ్బా తెచ్చి పెద్దక్క ముందుకు చాపాను.

సరిగ్గా అప్పుడే ఆమె వెనకనున్న ఇద్దరు ఒక సంచి మోసుకొచ్చి నా కాళ్ళ దగ్గర దించారు.

"అది లోపల పెట్టు చెల్లీ," అంది పెద్దక్క, నా డబ్బా వైపు చూసి. "ఈసారి నువ్వు ఇచ్చుడు గాదు. తీసుకునుడు."

నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. సంచి మీద కాగితం అంటించి, దాని మీద 'అక్కరలో ఉన్న కుటుంబమునకు' అని పెద్ద అక్షరాలతో రాశారు. చదువు ఇంట్లోనే నేర్చుకున్నా, అంత పెద్ద అక్షరాలు చదవలేనిదాన్ని కాను.

"మాకెందుకక్కా? తిండికి ఇబ్బందేం లేదు," అన్నాను.

"అట్ల దాచుకోవద్దమ్మా. మాకు కనిపిస్తలేదా ఏంది?" అని ఆమె గోడ వైపు చూసింది. "ఈ చీరనే కదా నిరుడు క్రిస్మస్‌కు కూడా కట్టింది?"

"అంతకుముందు క్రిస్మస్‌కు కూడా ఇదేనక్కా. మంచిగ మన్నింది," అన్నాను.

ఒకామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పెద్దక్క మాత్రం ప్రార్థన మొదలుపెట్టింది. కళ్ళు మూసుకొని, మా పేదరికాన్ని దేవునికి చాలా వివరంగా చెప్పింది. నేనూ కళ్ళు మూసుకొని, ఆయనకు అసలు సంగతి తెలుసు కదా అని నిబ్బరంగా నిలబడ్డాను. ఆమెన్ అనగానే ఒకామె ఫోను తీసి, "కొంచెం గోడ పక్కకు జరుగు చెల్లీ, ఇటుకలు పడాలె," అంది. సంచి ఒక పక్క నేను, ఒక పక్క పెద్దక్క. ఆమె నవ్వింది. నేను వందనాలు చెప్పాను. ఎవరు ఏది ఇచ్చినా వందనాలు చెప్పమని మా ఇంట్లో నేర్పారు. ఏది ఇస్తే చెప్పకూడదో నేర్పలేదు.

వాళ్ళు పోయాక సంచి మూతి విప్పి చూశాను. సన్నబియ్యం, దొడ్డుబియ్యం, పాతవి, కొత్తవి, నూకలు, రాళ్ళు అన్నీ కలిసి ఉన్నాయి. చెయ్యి లోపలికి పెట్టి తిప్పితే వేళ్ళకు ఎండిన వావిలాకు ముక్క తగిలింది. ఇంకాస్త తిప్పితే ఇంకోటి. ఏడాదంతా నేను తీసి ఇచ్చిన పిడికిళ్ళు మిగతావాళ్ళ రాళ్ళతో కలిసి నా ఇంటికే దానంగా వచ్చాయి.

ఫోటో చర్చి వాట్సాప్ గ్రూపులో ఆ సాయంత్రమే పడింది. మా ఆయన అప్పుడు ఖమ్మం బస్టాండులో ఉన్నాడు. గ్రూపులో ఉన్న ఒక కండక్టరు దాన్ని చూసి అందరికీ చూపించాడట. "ఏందన్నా, బియ్యానికి గింత తిప్పలైతే మాకు జెప్పొద్దా? తలా కొంచెం జమ చేద్దుముగా," అన్నాడట ఒకడు. మా ఆయన ఇంటికొచ్చి, బూట్లు కూడా విప్పకుండా ఆ సంచి ముందు కూర్చున్నాడు.

"నేను సంపాయిస్తలేనా?" అన్నాడు.

"సంపాయిస్తున్నరు."

"మరి గీ సంచేంది?"

"వాళ్ళ కండ్లకు గోడ కనపడ్డది. కుండ కనపడలేదు."

"గోడకు పూత ఏపిస్త. గేటు పెట్టిస్త. అక్క చెప్పినట్టు ఉన్న లోను మీదనే ఆ టాపప్ లోను తీసుకుంట. ఇగ నావల్ల కాదు," అని లేచి పోయాడు.

ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు మా వదిన శనివారానికల్లా మధిర నుంచి బస్సు దిగింది. చంకలో ఒక కవరు, అందులో కొత్త లోను కాగితాలు. బ్యాంకులో ఎవరినో కనుక్కొని తెచ్చిందట. సోమవారం పొద్దున పోయి సంతకాలు పెడితే చాలు. పూత, రంగులు, గేటు, ఆ తర్వాత చర్చివాళ్ళందరికీ మటన్ బిర్యానీతో ఒక కృతజ్ఞత కూడిక. రెండేళ్ళలో తీరే అప్పు మళ్ళీ పదేళ్ళు పెరుగుతుంది. కాగితాలు అక్కడే ఉంటాయి. ఇల్లు ఇద్దరి పేరు మీద ఉంది కాబట్టి నా సంతకం కూడా కావాలి.

"పెట్టనంటావేమోనని నేనే వచ్చాను," అంది వదిన.

పెట్టనని అనవచ్చు. అని ఉంటే లోను ఆగేది. కానీ మా ఆయన తల ఇంకా కిందికి వంగేది. ఆ తలతో రెండేళ్ళు ఎలా గడపాలి? అందుకని ఆయనతో ఒకటే చెప్పాను.

"బియ్యం ఇచ్చిండ్రు కదా. ఇచ్చినోళ్ళకు కృతజ్ఞత చెప్పకుండ ఉంటే మర్యాద గాదు. రేపు ఆదివారం ఆరాధన కాంగనే సమాజం వాళ్ళను పిలిచి కూడిక పెడదాం. ఆ బియ్యమే వండుత. అది అయినాక కూడా మీకు సంతకం పెట్టాలని ఉంటే, నేనూ పెడ్త."

ఆయన నా ముఖంలోకి చూశాడు. "బిర్యానీ గాదా?" అంది వదిన. "బియ్యం బిర్యానీవి కావు వదినా," అన్నాను.

ఆదివారం పొద్దున్నే చాట ముందేసుకొని ఆ సంచి మొత్తం చెరిగాను. మా ఆయన వరండాలో టీ తాగుతూ చూస్తున్నాడు. రాళ్ళు ఒక కుప్ప, ముక్కిపోయినవి ఒక కుప్ప, తవుడూ పురుగూ ఒక కుప్ప. ఆకు ముక్క వచ్చినప్పుడల్లా తీసి పక్కన పెట్టాను. కాసేపయ్యాక ఆయన కప్పు కింద పెట్టి వచ్చి కూర్చున్నాడు.

"ఈ ఆకు మనది గదా?"

"అవ్. మనదే."

ఆయనా రాళ్ళు ఏరడం మొదలుపెట్టాడు.

రకరకాల బియ్యం కలిస్తే అన్నం సరిగా కాదు. ఒకటి మెత్తబడేసరికి ఇంకోటి పలుకుగానే ఉంటుంది. అలాంటి బియ్యానికి ఒకటే దారి, పులగం. పెసరపప్పు వేయించి కలిపి, నీళ్ళు ఎక్కువ పోసి, పెరట్లో కట్టెల పొయ్యి మీద నిదానంగా ఉడికిస్తే ఏ గింజ ఎవరిదో తెలియకుండా ఒక్కటై కూర్చుంటాయి. మిరియాలు, జీలకర్ర, కాస్త నెయ్యి. పక్కన ఉల్లిగడ్డ వేసి పచ్చిపులుసు. వేసవిలో కుట్టి దాచిన అడ్డాకుల విస్తళ్ళు ఉన్నాయి కాబట్టి ప్లేట్లు కిరాయికి తెచ్చే పని లేదు. చెరిగిన చాటను మాత్రం ఎత్తలేదు. వరండాలో, చెప్పులు విడిచే చోట, కుప్పలతో సహా అలాగే ఉంచాను. అది మరిచిపోయి కాదు.

సమాజం వాళ్ళు వచ్చారు. పాస్టరయ్య కూడా వచ్చాడు. పెద్దక్క చెప్పులు విడుస్తూ చాట ముందు ఆగింది.

"ఇన్ని రాళ్ళేందమ్మా?"

"సంచిలయ్యే అక్కా. తలా ఒక పిడికెడు కదా."

ఆమె వెనకున్న ఒకామె చప్పున లోపలికి పోయి గోడవారన కూర్చుంది. ఎవరి పిడికిట్లో రాళ్ళుండేవో నాకు అప్పటిదాకా తెలియదు.

మా చర్చిలో కృతజ్ఞత కూడిక అంటే పాట, ప్రార్థన, ఆ తర్వాత ఇంటి యజమాని లేచి సాక్ష్యం చెప్పాలి. దేవుడు ఏం మేలు చేశాడో అందరి ముందు నోటితో చెప్పాలి. అది చెప్పనిదే భోజనం వడ్డించరు. మా పెళ్ళైనప్పటి నుంచి ఆయన సాక్ష్యం చెప్పడం నేను వినలేదు. ఎప్పుడైనా లేపితే, అంతా దేవుని దయ అని కూర్చుండిపోయేవాడు. ఆ రోజు కూడా అంతే అనుకొని గరిటె చేతిలో పట్టుకొని నిలబడ్డాను.

ఆయన లేచి నిలబడ్డాడు. స్టీరింగు పట్టుకున్నట్టు రెండు చేతులూ కుర్చీ వీపు మీద పెట్టాడు.

"వందనాలు. నాకు మాట్లాడుడు రాదు. మొన్న ఫోటో చూసి నాకు సిగ్గైంది. అబద్ధం ఎందుకు, పొద్దుగాలటి దాంక సిగ్గుగనే ఉండె. గీ బియ్యం ఏరంగ చూస్తే మా ఇంటి బియ్యం గూడ దీంట్ల ఉన్నయ్. మా ఆమె దినాం తీసి ఇచ్చినయే. ఇచ్చుడుకు కొదువ లేనోళ్ళకు తినుడుకు కొదువ ఉంటదా? మాకు బియ్యం ఉన్నయ్. గోడకు సిమెంటు లేదు. గవి రెండు వేరు. నేను గూడ కలిపి చూసుకున్న, అందుకే సిగ్గైంది."

పాస్టరయ్య తల ఊపాడు.

"రెండేండ్లల్ల లోను తీరుతది. బ్యాంకోళ్ళు మా కాగితాలు మాకిస్తరు. గది దేవుడు చేస్తున్న మేలు. గప్పటిదాంక గోడ గిట్లనే ఉంటది. ఎవరన్న ఫోటో తీసుకుంటమంటే పొద్దున పూట రాండ్రి. గప్పుడు వెలుగు మంచిగ పడ్తది."

ముందు నవ్వింది పాస్టరయ్య. ఆ తర్వాత మిగతావాళ్ళు, నవ్వవచ్చో లేదో పెద్దక్క వైపు చూసి నవ్వారు. ఆమె విస్తరి సర్దుకుంటోంది. నేను వడ్డించడం మొదలుపెట్టాను. పులగం బాగుందని అందరూ అన్నారు. ఏం బియ్యం అని ఎవరూ అడగలేదు.

మా వదిన రెండోసారి వేయించుకుంది. ఆమె అంత ఇష్టంగా తినడం నేను చాలా రోజుల తర్వాత చూశాను. తింటూనే గొంతు తగ్గించి, "అయితే తమ్ముడూ, పొద్దున బ్యాంకు..." అంది.

"పొద్దున నాకు డ్యూటీ ఉందక్క. నిన్ను మధిర బస్సు ఎక్కిచ్చి పోత. కిటికీ పక్క సీటు ఆపుత," అన్నాడాయన. "పులుసు పోసుకో."

ఆమె పోసుకుంది. కాగితాల కవరు తెల్లారేదాకా మా అలమరా మీదే ఉంది. పోయేటప్పుడు నేనే గుర్తుచేసి చేతికిచ్చాను. ఇంట్లో అనవసరమైన వస్తువు ఉండడం నాకు నచ్చదు.

ఖాళీ సంచిని ఉతికి ఆరేశాను. దాని మీది కాగితం నీళ్ళలో నానినా ఊడలేదు, చాలా గట్టిగా అంటించారు. గోరుతో గీకి తీయాల్సి వచ్చింది. తర్వాతి ఆదివారం సంచి మడతపెట్టి, దాని మీద నా డబ్బా పెట్టి పెద్దక్కకు ఇచ్చాను. "వందనాలు చెల్లీ," అని తీసుకుంది. డబ్బా మూత తీసి లోపలికి చూసింది. బియ్యంతో పాటు వావిలాకు ముక్కలు కనిపించాయి. అలాగే డ్రమ్ములో పోసింది.

కూడిక ఫోటో మాత్రం గ్రూపులో పడలేదు. మా ఆయన రెండు రోజులు చూసి అడిగాడు, ఎవరూ తీయలేదా అని. ఈసారి అందరూ లోపల కూర్చొని భోంచేస్తూ ఉన్నారు కదా, ఇటుకలు పడి ఉండవు అని చెప్పాను.